ఎడంచేతి మెషీన్

చేరిన మొదటిరోజు
కంట్రోల్ ఎస్ కొడితే
సేవ్ కాలేదు. ప్రింటర్ లేచి కూర్చుంది.
తేజ రకం మిరపకాయల బస్తా లేబుళ్లు
సగం బొమ్మతో నలభై
ఆపేలోపే కక్కేసింది.

మూసెయ్యబోతే కొత్త పేజీ పుట్టింది.
వెతకబోతే అక్షరాలు లావెక్కాయి.
అలవాటైన గదిలో ఎవరో మంచం జరిపితే
చీకట్లో మోకాలికి తగులుతుందే,
సాయంత్రందాకా అట్టా తగులుతూనే ఉంది.

అరండల్‌పేట ఏడో లైన్లో మెట్లకింద గది.
చూడకుండా కొట్టే వేళ్లని నాకు పొగరు.
అవి ఆ పూట
తప్పిపోయిన పిల్లల్లా మొహంకేసి చూశాయి.

"ఎవరండీ దీన్ని ఇట్టా పాడుచేసింది?"
పానకాలరావుగారు బిల్లుపుస్తకంలోంచి తలెత్తలేదు.
"సువార్త.
తొమ్మిదేళ్లు కొట్టింది దానిమీద."

సెట్టింగుల్లోకి పోయాను.
అట్టడుగున ఉంది ఆ బొత్తాం: అన్నీ మొదటికి.
బాణం దానిమీద పెట్టి
నొక్కేముందు, ఎందుకో, జాబితా చదివాను.

కాపీ, పేస్టు పుట్టినచోటే ఉన్నాయి.
వాటిని ముట్టుకోలేదామె.
ప్రింటు పీ లోంచి లేచొచ్చి ఎస్ లో కాపురం పెట్టింది.
కొత్త పేజీ ఎన్ నుంచి దబల్యూకి.
ఎల్, జే, ఓ, కే, ఆ వీధిలో ఉన్నవాళ్లంతా
మూటాముల్లే సర్దుకుని
జీ గీత దాటి ఇవతలికి వచ్చేశారు.
సేవ్ ఎఫ్ వన్ లో ఉంది.
ఒక్క వేలు చాలు దానికి, కంట్రోల్ కూడా అక్కర్లేదు.

నా ఎడంచెయ్యి పెట్టి చూశాను.
సరిగ్గా సరిపోయింది,
ఎవరిదో చొక్కా వేసుకున్నట్టు.

అప్పుడు గది మూల చూశాను.
కటింగ్ మెషీన్.
దాని చక్రానికి ఎర్రగుడ్డ పేలిక కట్టుంది.
పానకాలరావుగారు కూడా అటే చూసి
మళ్లీ బిల్లుల్లోకి పోయారు.

కుడిచేతికి ఆమె వేరే పని ఇచ్చిందట,
మిగిలిన రెండు వేళ్లతో, అరచేత్తో,
రాసిచ్చిన కాయితం ఫ్యాను గాలికి ఎగిరిపోకుండా
అదిమిపట్టే పని.

ఒక్కటి మాత్రం అర్థం కాలేదు.
ఎఫ్ త్రీ నొక్కితే చి.ల.సౌ. పడుతుంది.
ఎఫ్ ఫోర్‌కి శుభలేఖ మొత్తం,
ముహూర్తం ఖాళీ వదిలి.
కీ.శే. కీ ఒక్కటే
అంతదూరాన, ఎఫ్ పన్నెండులో.
ఎడంచెయ్యి ఊరంతా దాటి పోవాలి దానికోసం.

ఇది అడిగితే పానకాలరావుగారు నవ్వారు.
"మొదట్లో రెండూ పక్కపక్కనే పెట్టుకుందయ్యా.
పొన్నూరు వాళ్ల పెళ్లి. ఐదొందల కార్డులు.
పెళ్లికూతురి పేరు ముందు కీ.శే.
తండ్రి నవ్వేశాడు గాబట్టి బతికిపోయాం.
మేనత్త నవ్వలా."

ఆ రాత్రే సువార్త దాన్ని
పొలిమేర అవతలికి పంపిందట.
పొరపాటున చెయ్యి తగిలేచోట ఉండకూడదని.
కావాలంటే కుర్చీలోంచి కాస్త లేవాలి.
ఆ కాస్తలో పేరు ఇంకోసారి చదువుకోవచ్చు.

ఇప్పుడామె తెనాలిలో సొంతంగా షాపు పెట్టుకుంది.
మెషీన్ తీసుకుపోతావా అంటే
వద్దండీ, కొత్తదాన్ని మళ్లీ నేర్పుకుంటాను, అందట.
నేర్చుకుంటాను అనలేదు చూడండి.

అన్నీ మొదటికి అన్న బొత్తాం అక్కడే ఉంది.
నేను నొక్కలేదు.
మంచితనం ఏం కాదు,
ఆ వారం మూడు స్కూళ్ల ప్రశ్నపత్రాలు మీదున్నాయి,
కుదరలేదంతే.
తర్వాత వేళ్లు ఊరుకున్నాయి.

నిన్న బ్రాడీపేటలో స్నేహితుడి షాపు.
వాడు టీకి పోతూ కాసేపు కూర్చోమన్నాడు.
ఒక పేజీ కొట్టి
ఎడంచేతి చిటికెనవేలితో ఎఫ్ వన్ నొక్కాను.

సేవ్ కాలేదు.
తెరమీద కిటికీ ఒకటి తెరుచుకుని
సహాయం కావాలా, అని అడిగింది.

అక్కడ మామూలుగా ఉండేది అదేనని
మర్చేపోయాను.
నా కుడిచెయ్యి
ఎగరని కాయితం మీద
అదిమిపెట్టి ఉంది.